ముద్దయీ, ముద్దాయి: వాద ప్రతివాద విచారణకు బలమెక్కడ, లోపమెక్కడ?

హనుమకొండలో కోర్టు ఉన్న కూడలిని ఇప్పటికీ ఊరంతా 'అదాలత్' అనే పిలుస్తుంది. నిజాం పాలన పోయి డెబ్బై ఐదేళ్లు దాటింది, 2021 డిసెంబరులో కోర్టుకు కొత్త భవన సముదాయం కూడా వచ్చింది, అయినా ఆ పేరు చెక్కుచెదరలేదు. దానితోపాటు వకీలు, వకాల్తా, వాయిదా, పంచనామా వంటి మాటలూ నిలిచిపోయాయి. వాటిలో ఒక్క మాటకు మాత్రం చిత్రమైన గతి పట్టింది. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా తెచ్చినవాడు, అంటే అడిగేవాడు. అతనికి జవాబు చెప్పుకోవలసిన ఎదుటివాడిని 'ముద్దాలేహ్' అంటారు. తెలుగులోకి వచ్చేసరికి ముద్దాయి నేరారోపణ మీద బోనులో నిలబడినవాడైపోయాడు.

మాటలు ఇలా తిరగబడటం భాషలో మామూలే. కానీ మన కోర్టు విచారణ మొత్తం ఈ రెండు స్థానాల మధ్య తేడా మీదనే నడుస్తుంది. ఎవరు అడుగుతున్నారో వారే రుజువు చేయాలి, ఎవరి మీద ఆరోపణ ఉందో వారు నోరు మెదపకుండా ఉన్నా చట్టం తప్పు పట్టదు. క్రిమినల్ కేసులో నేరం జరిగిందని, దాన్ని ఫలానా వ్యక్తే చేశాడని సందేహానికి తావు లేకుండా చూపవలసిన భారం ప్రాసిక్యూషన్‌ది. 'ముద్దాయి' అన్న మాట చెవిన పడగానే 'తాను చేయలేదని నిరూపించుకోమనండి' అనే జనం అలవాటుకూ, చట్టం చెప్పేదానికీ మధ్య ఉన్న ఈ దూరం వల్లనే 'సాక్ష్యం లేక కొట్టేశారు' అన్న తీర్పులు చాలామందికి మింగుడుపడవు.

ఈ పద్ధతిని వాద ప్రతివాద పద్ధతి అందాం. దీని మూలసూత్రం చాలా చిన్నది: రెండు పక్షాలు తమ తమ కథనాలను, సాక్ష్యాలను తెచ్చి న్యాయమూర్తి ముందు పెడతాయి, ఒకరి సాక్ష్యాన్ని మరొకరు గట్టిగా కదిలించి చూస్తారు, న్యాయమూర్తి ఏ పక్షానా చేరకుండా విని, నిలిచినదేదో తేలుస్తారు. సాక్ష్యం వెతకడానికి ఆయన బయలుదేరరు. ఫ్రాన్స్ వంటి దేశాల సంప్రదాయం వేరు. అక్కడ తీవ్రమైన కేసుల్లో దర్యాప్తు న్యాయమూర్తి అని ఒకరుంటారు, ఆయనే సాక్షులను పిలిచి ప్రశ్నిస్తారు, నిందితుడికి వ్యతిరేకమైన ఆధారాలతోపాటు అనుకూలమైనవీ సేకరించి ఫైలు తయారు చేస్తారు, విచారణ ఆ ఫైలు చుట్టూ నడుస్తుంది. ఒకచోట నిజాన్ని పోటీ తేలుస్తుందని నమ్మకం, మరొకచోట అధికారి వెతికి తెస్తాడని నమ్మకం. రెండు నమ్మకాలకూ మూల్యం ఉంది.

మన పద్ధతి ఇంగ్లండ్ నుంచి వచ్చిందని అందరికీ తెలుసు గాని, ఇంగ్లండ్‌లో కూడా ఇది అంత పాతది కాదన్నది తక్కువగా చెప్పుకునే సంగతి. అక్కడ రాజద్రోహం కేసుల్లో నిందితుడికి వకీలును పెట్టుకునే హక్కు 1696లో వచ్చింది. దొంగతనం, హత్య వంటి నేరాల్లో నిందితుడి తరఫున వకీలు పూర్తి స్థాయిలో వాదించే హక్కు 1836 దాకా రాలేదు. అంతకు ముందు నిందితుడు ఒంటరిగా నిలబడి తన ప్రాణం కోసం తానే మాట్లాడుకునేవాడు. రాజ్యం ఒక మనిషి మీదికి తన బలమంతా తీసుకొని వస్తున్నప్పుడు ఆ మనిషి పక్కన కూడా ఒకరు నిలబడాలన్న ఆలోచన నుంచి ఈ పద్ధతి పుట్టిందన్నది గుర్తుంచుకుంటే, దీని లోపాలు ఎక్కడ మొదలవుతాయో కూడా సులువుగా పట్టుబడుతుంది. ఆ రెండో మనిషి లేనిచోట, ఉన్నా పని చేయనిచోట ఇది పేరుకే వాద ప్రతివాదం.

గెట్టు పంచాయితీ కోర్టుకెక్కితే

ఒక కేసును ఊహించుకుందాం. పరకాల దగ్గరి ఒక ఊళ్లో పక్కపక్కన పత్తి చేన్లున్న రెండు కుటుంబాల మధ్య గెట్టు పంచాయితీ ఉంది. ఒక సాయంత్రం మాటా మాటా పెరిగి ఒకరి తల పగిలింది. పోలీసులు కేసు పెట్టారు, కట్టె స్వాధీనం చేసుకున్నట్లు పంచనామా రాశారు, ఎనిమిది మంది సాక్షులతో ఛార్జిషీటు వేశారు.

మొదటి సాక్షి బోనెక్కగానే ప్రాసిక్యూటర్ ఆమెను ప్రశ్నిస్తారు. దీన్ని చీఫ్ అంటారు. ఇక్కడ జవాబును నోటికందించే ప్రశ్నలు వేయకూడదు. 'ముద్దాయి కట్టెతో కొట్టాడు కదా' అని అడగరాదు, 'ఏమి జరిగిందో చెప్పమ్మా' అనే అడగాలి. తరువాత నిందితుడి తరఫు వకీలు లేచి క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తారు. నిజాం కాలపు ఉర్దూ కోర్టుల మాటలో ఇది 'జిరహ్'. ఇక్కడ నిబంధన తలకిందులవుతుంది: జవాబును ప్రశ్నలోనే పెట్టి ఔననో కాదనో అనిపించవచ్చు. మీ చేనుకూ గొడవ జరిగిన చోటుకూ ఎంత దూరం, మధ్యలో కంది సాలు ఎంత ఎత్తు పెరిగి ఉంది, దెబ్బ తిన్న మనిషి మీకు ఏమవుతాడు, మీ ఇంటిమీద ఆయన అప్పు ఉన్నదా, ఈ మాట పోలీసులకు ఎందుకు చెప్పలేదు అన్న ప్రశ్నలన్నీ ఇక్కడే వస్తాయి.

ఈ పద్ధతికి ప్రాణం ఇదే. అబద్ధం చెప్పే సాక్షి మొదటి కథను ఎంత చక్కగా వల్లించినా, దాని పక్కనున్న చిన్న చిన్న వివరాలను కల్పించుకొని రాలేడు. సిద్ధం చేసుకున్న కథకు అంచులుండవు. అంతకంటే ముఖ్యంగా, అబద్ధం చెప్పని సాక్షిలోని పొరపాటును కూడా ఇది బయటపెడుతుంది. మసక చీకటిలో చూసిన ఆకారాన్ని పాత పగ పేరు పెట్టి గుర్తుపట్టిన మనిషి అబద్ధమాడటం లేదు, తాను చూసింది నిజమనే నమ్ముతున్నాడు. అటువంటి నమ్మకాన్ని న్యాయమూర్తి మర్యాదగా అడిగే నాలుగు ప్రశ్నలు కదిలించలేవు, దాన్ని కదిలించడంలో స్వార్థం ఉన్న మనిషి అడగాలి. నిందితుడి వకీలుకు ఆ స్వార్థం ఉంది. స్వార్థాన్ని న్యాయానికి పనికి తెచ్చుకోవడం ఈ పద్ధతి కనిపెట్టిన ఉపాయం, నా దృష్టిలో ఇంతకు మించిన ఉపాయం ఇప్పటికీ దొరకలేదు.

రెండో బలం న్యాయమూర్తి మనసుకు సంబంధించింది. ఎవరైనా ఒక విషయాన్ని తామే తవ్వడం మొదలుపెడితే తొందరలోనే ఒక అనుమానం ఏర్పడుతుంది, ఆ తరువాత దొరికేదంతా ఆ అనుమానానికి సరిపోయేట్లే కనిపిస్తుంది. వెతికేవారినీ తేల్చేవారినీ వేరు చేయడం వల్ల తీర్పు చెప్పే మనసు చివరి దాకా తెరిచి ఉండే అవకాశం పెరుగుతుంది. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పిన మాటను 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం కూడా అలాగే ఉంచింది. దర్యాప్తు చేసినవారి మాట దానంతటదే రుజువు కాదన్న జాగ్రత్త దాని వెనుక ఉంది.

బలమే లోపం కావడం

ఇప్పుడు అదే గెట్టు కేసును మరొక వైపు నుంచి చూద్దాం. దర్యాప్తులో సాక్షి చెప్పినట్లు పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు, అది ప్రాసిక్యూషన్‌కు సాక్ష్యంగా పనికిరాదు. కోర్టులో చెప్పినదానికి అది భిన్నంగా ఉంటే, ఆ భేదాన్ని చూపి సాక్షిని నిలదీయడానికి మాత్రం నిందితుడి వకీలుకు ఉపయోగపడుతుంది. కానీ ఊరికే 'పోలీసులకు వేరేగా చెప్పావు' అంటే సరిపోదు. ఏ వాక్యమో ఆ వాక్యాన్ని సాక్షికి చదివి వినిపించాలి, వివరణకు అవకాశం ఇవ్వాలి, ఆమె కాదంటే ఆ భాగాన్ని గుర్తు పెట్టించి, దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు ఆయన నోట రుజువు చేయించాలి. ఈ నాలుగు మెట్లలో ఒకటి తప్పినా ఆ వైరుధ్యం రికార్డులో లేనట్లే. అలాగే క్రాస్‌లో ప్రశ్నించకుండా వదిలిన ముఖ్యమైన మాటను ఎదుటి పక్షం ఒప్పుకున్నట్లే సాధారణంగా కోర్టులు తీసుకుంటాయి.

అంటే నిందితుడి భవిష్యత్తు తాను చేసినదానిమీద ఎంత ఆధారపడుతుందో, తన వకీలు ఆ పూట ఎంత సిద్ధంగా వచ్చారన్నదాని మీద కూడా అంత ఆధారపడుతుంది. డబ్బున్నవాడికి అనుభవమున్న వకీలు, ఆయన కింద జూనియర్లు, ముందుగానే చదివిన ఫైలు. లేనివాడికి అంతకు ముందు రోజు కేసు చేతికందిన మనిషి. పోటీ నిజాన్ని తేలుస్తుందన్న సూత్రం ఇద్దరు పోటీదారులూ ఏదో ఒక మేరకు సమానులైనప్పుడే పని చేస్తుంది, లేనప్పుడు అది బలాన్ని కొలిచి దానికే నిజమని పేరు పెడుతుంది. ఈ పద్ధతికి ఉన్న అసలు లోపం ఇదొక్కటే అని, మిగిలినవి చాలావరకు దీని కొమ్మలే అని నేను అనుకుంటాను.

ఇది ఎంత దూరం పోగలదో చూపే కేసు ఒకటుంది. 1997లో ఢిల్లీలో ఒక బస్సులో జరిగిన పేలుడు కేసులో నిందితుడికి మరణశిక్ష పడింది, హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. సుప్రీంకోర్టు రికార్డు తెరిచి చూసేసరికి యాభైకి పైగా ప్రాసిక్యూషన్ సాక్షుల్లో దాదాపు అందరినీ క్రాస్ చేసేవారే లేకుండా విచారణ ముగిసినట్లు బయటపడింది. 2012లో శిక్షను రద్దు చేసి మళ్లీ విచారించమన్నారు, ఆ రెండో విచారణలో పేలుడు ఆరోపణ నిలవలేదు. మొదటి విచారణలో న్యాయమూర్తి ఉన్నారు, ప్రాసిక్యూటర్ ఉన్నారు, సాక్షులు ఉన్నారు, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. లేనిదల్లా ఎదురు ప్రశ్న.

జైలు దూరం కూడా ఈ అసమానతలో భాగమే, దాన్ని వరంగల్ వాళ్లకు వేరుగా చెప్పనక్కరలేదు. ఇక్కడి సెంట్రల్ జైలును 2021లో ఖాళీ చేసి ఆ స్థలాన్ని ఆసుపత్రికి ఇచ్చారు, ఖైదీలను వేరే జిల్లాల జైళ్లకు తరలించారు. ఆసుపత్రి అవసరాన్ని ఎవరూ కాదనరు. కానీ బెయిలు దొరకని విచారణ ఖైదీ తన వకీలుతో కూర్చొని 'ఆ సాక్షికి మా మీద పాత కక్ష ఉంది, ఫలానా రోజు ఫలానా తగాదా అయింది' అని చెప్పుకోగలిగితేనే క్రాస్‌లో ఆ ప్రశ్న పుడుతుంది. వాయిదా రోజున ఎస్కార్టు పోలీసుల మధ్య వరండాలో దొరికే ఐదు నిమిషాల్లో, అదీ దొరకక వీడియో తెర మీద, ఆ సంగతి చెప్పుకోవడం కుదిరే పని కాదు. 2022 చివరినాటికి దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే.

సివిల్ దావాల్లో అసమానత మరో రూపంలో వస్తుంది. తెలంగాణలో భూమి తగాదా అంటే 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డు దాకా వెనక్కి పోవాలి. తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాలు, చేతులు మారిన పట్టాదారు పాసు పుస్తకాలు, మొన్నటి దాకా ఉన్న ధరణి భూ రికార్డుల పోర్టల్‌లో ఎక్కిన పేరు, ఎక్కని పేరు, అన్నీ కలిసి ఒక చిక్కుముడి. అందులో ఏ కాగితం ఎక్కడుందో కోర్టు వెతకదు, సర్టిఫైడ్ నకలు తీసుకొని వచ్చి గుర్తు పెట్టించవలసింది కక్షిదారే. తహసీల్దారు కచేరీ చుట్టూ తిరిగే ఓపికా తీరికా ఉన్నవారి కథనం కాగితాలతో నిండుగా నిలుస్తుంది. రెండు తరాలుగా ఆ చేను దున్నుతున్నా కాగితం తేలేకపోయినవారిది నోటిమాటగా మిగిలిపోతుంది.

సాక్షి ఎందుకు అడ్డం తిరుగుతాడు

పోటీ మీద నడిచే విచారణకు సాక్షి ఒక పక్షపు మనిషి. ఫలానా వాళ్ల సాక్షి అని ఊరు కూడా లెక్క వేసుకుంటుంది. కోర్టుకు సాయం చేయడానికి వచ్చినట్లు కాక ఒక వర్గం తరఫున దిగినట్లు అవుతుంది గనుక, రెండో వర్గం కోపం అతని మీదికే మళ్లుతుంది. విచారణ ఏళ్ల తరబడి సాగితే ఈ లోపల పెద్దమనుషుల్లో రాజీ కుదురుతుంది, లేదా బెదిరింపు వస్తుంది, లేదా ఆ రెండు కుటుంబాల పిల్లలకు సంబంధమే కలుస్తుంది. అప్పుడు బోనెక్కిన సాక్షి 'నాకేం తెలువది' అంటాడు. ప్రాసిక్యూటర్ అతను అడ్డం తిరిగాడని ప్రకటించి, కోర్టు అనుమతితో తానే క్రాస్ చేస్తారు. అడ్డం తిరిగినంత మాత్రాన అతని సాక్ష్యం మొత్తం చెరిగిపోదని, నమ్మదగిన భాగాన్ని తీసుకోవచ్చని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది గాని, ఆచరణలో ఆ కేసు అక్కడితో నీరుగారిపోతుంది. పంచనామా మీద సంతకం పెట్టిన పంచుల సంగతి మరీను. 'స్టేషన్‌లో సంతకం పెట్టమంటే పెట్టిన' అన్న వాక్యం విని విని ఏ న్యాయమూర్తికైనా కంఠస్థమైపోయి ఉంటుంది.

2015లో పంజాబ్‌కు చెందిన ఒక లంచం కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం మీదనే తీవ్రంగా మాట్లాడింది. ఆ కేసులో సాక్షి చీఫ్‌కూ క్రాస్‌కూ మధ్య దాదాపు 20 నెలలు గడిచాయి, ఆ లోపల సాక్షి మారిపోయాడు. విచారణ ఏ రోజుకారోజు సాగాలని, వాయిదాలు అడిగినన్ని ఇవ్వరాదని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ ఉంది, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 346వ సెక్షన్‌లోనూ ఉంది. వాయిదా అన్నది ఈ పోటీలో ఒక ఆయుధం కావడం వల్ల దాన్ని ఎవరూ సులువుగా కింద పెట్టరు. సాక్షుల రక్షణకు 2018లో సుప్రీంకోర్టు ఒక పథకాన్ని ఆమోదించి, దాన్ని చట్టంగా పాటించమంది. కొత్త సంహిత 398వ సెక్షన్ ప్రతి రాష్ట్రమూ అటువంటి పథకాన్ని తయారు చేయాలని అంటున్నది.

ఆలస్యం ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన జబ్బు అనేవారు మన ఊరి కేసులు రెండు గుర్తు చేసుకోవాలి. 2019 జూన్‌లో హనుమకొండలో పసిపాప మీద జరిగిన దారుణంలో రెండు నెలలు తిరగకుండానే ఆగస్టు 8న తీర్పు వచ్చింది. 2020 మేలో గొర్రెకుంట బావిలో తొమ్మిది మృతదేహాలు బయటపడిన కేసులో అక్టోబరు కల్లా విచారణ పూర్తయింది. రెండూ ఇదే పద్ధతిలో, ఇదే చట్టాల కింద జరిగిన విచారణలు. కోర్టు, పోలీసులు, ప్రాసిక్యూషన్ ఒక కేసును ముందు వరుసలో పెట్టుకుంటే నెలల్లో ముగించగలరన్నమాట. అయితే వేగానికీ ఒక ప్రశ్న ఉంది: ఆ వేగంలో నిందితుడి వకీలుకు సిద్ధం కావడానికి ఎంత సమయం దొరికింది? మొదటి కేసులో పడిన మరణశిక్షను హైకోర్టు అదే ఏడాది యావజ్జీవంగా మార్చింది. సమాజానికి ఎంత కోపం వచ్చినా నిందితుడి తరఫున ఎవరూ వాదించరాదని బార్ సంఘాలు చేసే తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లో తమిళనాడు నుంచి వచ్చిన ఒక కేసులో స్పష్టంగా చెప్పింది. కోపం ఎక్కువ ఉన్న కేసులోనే ఎదురు ప్రశ్న అవసరం ఎక్కువ.

మరి ఫ్రాన్స్ దారిలో పోదామా

2000లో కేంద్ర హోంశాఖ జస్టిస్ మలిమత్ అధ్యక్షతన ఒక కమిటీని వేసింది. 2003లో వచ్చిన ఆ నివేదిక వాద ప్రతివాద పద్ధతి నిందితుడి వైపు మొగ్గుతున్నదని, న్యాయమూర్తి నిజాన్ని వెతికే బాధ్యత తీసుకోవాలని, ఐరోపా పద్ధతి నుంచి కొన్ని అంశాలు తెచ్చుకోవాలని, సందేహాతీతంగా రుజువు కావాలన్న ప్రమాణాన్ని కొంత తగ్గించాలని సూచించింది. హక్కుల సంఘాలు, న్యాయవాదులు గట్టిగా వ్యతిరేకించడంతో ముఖ్యమైన సిఫారసులు అలాగే ఉండిపోయాయి. అది మంచికే జరిగిందని నా అభిప్రాయం. దర్యాప్తు న్యాయమూర్తి ఉండాలంటే అందుకు తగినంత మంది న్యాయమూర్తులు, వారి కింద పని చేసే స్వతంత్రమైన దర్యాప్తు బృందాలు ఉండాలి. కింది కోర్టుల్లో 4 కోట్లకు పైగా కేసులు పేరుకున్న దేశంలో అవేవీ లేకుండా రుజువు ప్రమాణాన్ని మాత్రం తగ్గిస్తే, ఆ పద్ధతిలోని మంచి రాకుండా చెడు మాత్రం వచ్చి చేరుతుంది.

పైగా ప్రపంచం నడిచిన దారి చూస్తే అది ఎక్కువగా అటు నుంచి ఇటే ఉంది. ఇటలీ 1989లో అమలులోకి వచ్చిన కొత్త కోడ్‌తో వాద ప్రతివాదం వైపు మళ్లింది. జర్మనీ దర్యాప్తు న్యాయమూర్తి పదవిని 1975లోనే తీసేసింది. చిలీ 2000 నుంచి దశలవారీగా మారింది. ఫ్రాన్స్‌లోనే ఆ పద్ధతికి గట్టి దెబ్బ తగిలిన ఊరు పేరు ఊత్రో. పిల్లలపై లైంగిక దాడుల ఆరోపణల మీద అక్కడ ఒక యువ దర్యాప్తు న్యాయమూర్తి ఒక మహిళ మాటలను, పిల్లల మాటలను ఆధారం చేసుకొని పలువురిని జైలుకు పంపారు. కొందరు మూడేళ్ల దాకా లోపలే ఉన్నారు, ఒకరు జైల్లోనే చనిపోయారు. చివరికి 2004లో కొందరు, 2005లో అప్పీలులో మిగిలినవారు, మొత్తం 13 మంది నిర్దోషులుగా బయటపడ్డారు. కేసును తవ్విన మనిషే దాన్ని తూచిన మనిషి కూడా కావడం, ఆయన ఫైలును మొదట్లోనే గట్టిగా కదిలించే ఎదుటి పక్షం లేకపోవడం అక్కడ పెద్ద చర్చ అయింది.

అలాగని ఇంగ్లండ్ వాళ్లు గర్వపడటానికి వీల్లేదు. 1999 నుంచి 2015 వరకు అక్కడ చిన్న చిన్న పోస్టాఫీసులు నడిపే 900 మందికి పైగా మనుషుల మీద డబ్బు కాజేశారని, లెక్కలు తప్పుగా రాశారని నేరాలు రుజువయ్యాయి. తప్పంతా హొరైజన్ అనే కంప్యూటర్ లెక్కల వ్యవస్థదని తరువాత తేలింది. ఆ వ్యవస్థలో లోపాలున్నాయన్న సమాచారం ఒక పక్షం దగ్గర ఉంది, రెండో పక్షానికి చేరలేదు. యంత్రం సరిగానే పని చేస్తుందని కోర్టులు ముందుగానే అనుకున్నాయి, కాదని చూపించే స్తోమత ఆ చిన్న మనుషులకు లేదు. చివరికి 2024లో పార్లమెంటు చట్టం చేసి ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేయవలసి వచ్చింది. ఊత్రోలో పోటీ లేదు, ఇంగ్లండ్‌లో పోటీ పేరుకే ఉంది. ఫోన్ రికార్డులు, సీసీటీవీ ఫుటేజీ ప్రతి కేసులోకీ వస్తున్న ఈ రోజుల్లో మన దగ్గర ఇది దూరపు సంగతి కాదు. పోలీసుల దగ్గర ఉండి కూడా ఛార్జిషీటుకు జత చేయని వాంగ్మూలాలు, వస్తువుల జాబితాను నిందితుడికి ఇవ్వాలని 2022లో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక మరణశిక్ష కేసులో సుప్రీంకోర్టు అన్నది అందుకే. ఆ జాబితా ప్రతి కేసులో అడిగి తీసుకునే అలవాటు జిల్లా కోర్టుల్లో ఇంకా కుదురుకోవాలి.

అంపైరు ఎంతవరకు దిగవచ్చు

మన చట్టం నిజానికి న్యాయమూర్తిని నోరు కట్టి కూర్చోబెట్టలేదు. సాక్ష్య చట్టం పాత 165వ సెక్షన్, ఇప్పటి 168వ సెక్షన్ ప్రకారం న్యాయమూర్తి ఏ సాక్షినైనా, ఎప్పుడైనా, ఏ ప్రశ్నయినా అడగవచ్చు, ఏ కాగితాన్నయినా తెప్పించవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 311వ సెక్షన్, ఇప్పటి సంహిత 348వ సెక్షన్ కింద ఏ పక్షమూ పిలవని సాక్షిని తానే పిలవవచ్చు, న్యాయమైన తీర్పుకు అతని సాక్ష్యం అవసరమనిపిస్తే పిలిచి తీరాలి. ఇంత అధికారం ఇంగ్లండ్ న్యాయమూర్తికి కూడా లేదు. 1872లో ఈ చట్టం రాసినవారికి ఈ దేశంలో రెండు పక్షాలూ సమానంగా ఉండవన్న ఎరుక ఉండి ఉండాలి.

ఈ అధికారానికి హద్దు ఎక్కడో తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి 1981లో హర్యానాకు చెందిన ఒక హత్య కేసులో చెప్పారు. న్యాయమూర్తి రిఫరీగానో అంపైరుగానో మిగిలిపోయి విచారణను రెండు పక్షాల కుస్తీగా సాగనివ్వడం దురదృష్టకరమైన ధోరణి అని ఆయన అన్నారు. న్యాయమూర్తి చురుకుగా పాలుపంచుకోవాలన్నారు. కానీ ఆ కేసులో జరిగింది వేరు: సెషన్స్ జడ్జి అడ్డం తిరుగుతున్న సాక్షులను అబద్ధపు సాక్ష్యం కింద కేసు పెడతానని బెదిరించి తాను అనుకున్న జవాబు రాబట్టారు. సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. అడగవచ్చు, అదిలించరాదు. రికార్డులో మిగిలిపోయిన ఖాళీని పూరించడానికి అడగవచ్చు, ఒక పక్షం తరఫున దిగిన వకీలులా అడగరాదు.

గెట్టు కేసుకే తిరిగి వద్దాం. గాయమైన మనిషిని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చూసిన డాక్టరు 'ఈ గాయం కింద పడినా కావచ్చు' అని ఒక్క మాట అని దిగిపోయాడు. ప్రాసిక్యూటర్ తిరిగి ప్రశ్నించలేదు. గాయం తల వెనుక ఉందా, పైన ఉందా, ఎంత లోతు అన్నది ఇద్దరూ వదిలేశారు. ఇక్కడ న్యాయమూర్తి రెండు ప్రశ్నలు వేస్తే ఏ పక్షానికీ అన్యాయం జరగదు, జవాబు ఎటు మొగ్గినా తీర్పుకు నేల దొరుకుతుంది. చాలా కోర్టుల్లో ఆ రెండు ప్రశ్నలు పడవు. రోజుకు అరవై డెబ్బై కేసులు పిలవవలసిన న్యాయమూర్తిని ఇందుకు తప్పు పట్టడమూ కష్టమే. పిల్లల మీద నేరాల కేసుల్లో మాత్రం పార్లమెంటు ఈ బాధ్యతను వదిలేయలేదు: 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం వకీళ్లు తమ ప్రశ్నలను న్యాయమూర్తికి ఇస్తే ఆయనే పిల్లలను అడుగుతారు, దూకుడు ప్రశ్నలను ఆపేస్తారు. ఎదురు ప్రశ్న పోలేదు, దాని కొమ్ములు మాత్రం కోశారు.

రెండో పక్షాన్ని నిలబెట్టే పని వైపు ఒక అడుగు పడింది. ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందవచ్చని 1987 చట్టంలోనే ఉంది, 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపుతారు. చాలాకాలం ఆ సహాయం ప్యానెల్‌లోని వకీలుకు కేసుకింతని నామమాత్రపు రుసుము ఇచ్చి సాగింది. జాతీయ న్యాయ సేవల సంస్థ 2022లో తెచ్చిన పథకం కింద జిల్లాకు పూర్తి కాలపు డిఫెన్స్ కౌన్సిళ్లను పెడుతున్నారు. ప్రైవేటు కేసులు పట్టుకోకుండా వీరు ఇదే పని చేస్తారు. ప్రాసిక్యూటర్‌కు ఎదురుగా రోజూ అదే కోర్టులో నిలబడే మనిషి ఉండటం చిన్న మార్పు కాదు.

ఇంకా ఎవరూ పట్టించుకోని అసమానత భాషది. గెట్టు కేసులో సాక్షి 'దీపాలు ముట్టిచ్చే యాళ్లకు లొల్లి అయింది, నేను ఉరికొచ్చేసరికే ఆయన పడిపోయిండు' అంటుంది. న్యాయమూర్తి దాన్ని ఇంగ్లిషులోకి మార్చి స్టెనోకు చెబుతారు, రికార్డులో అది 'సాయంత్రం సుమారు 7 గంటలు' అవుతుంది. దీపాలు ముట్టించే వేళ పుష్యమాసంలో ఒకటి, జ్యేష్ఠంలో ఒకటి. క్రాస్‌లో ఆ ఏడు గంటలను పట్టుకొని, అప్పటికి ఎంత చీకటి, ఎలా గుర్తుపట్టావు అని నిలదీస్తారు. తాను చెప్పని గడియారం లెక్కకు ఆమె జవాబు చెప్పుకోవాలి. 'పడిపోయిండు' అన్న మాట 'కొట్టగా పడిపోయాడు' అయిందా, 'పడి ఉన్నాడు' అయిందా అన్నదాని మీద ఆమె కంటితో చూసిన సాక్షియా, తరువాత వచ్చిన సాక్షియా అన్నది తేలుతుంది. 2021లో హనుమకొండ కోర్టు భవనాలను ప్రారంభించిన అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణే అదే ఏడాది సెప్టెంబరులో బెంగళూరులో మాట్లాడుతూ, ఇంగ్లిషు వాదనలు అర్థం కాక పల్లె కక్షిదారులు కోర్టులో పరాయివారిలా నిలబడుతున్నారని అన్నారు.

దీనికి కొత్త చట్టం అక్కరలేదు. సాక్ష్యాన్ని నిందితుడి వకీలు ఎదుట ఆడియో, వీడియోలో రికార్డు చేయవచ్చని సంహిత 310వ సెక్షన్‌లో ఉంది. సాక్షి ముఖకవళికల మీద న్యాయమూర్తి రాసుకోవచ్చని 315వ సెక్షన్‌లో ఉంది. సాక్ష్యం విన్న న్యాయమూర్తి బదిలీ అయి, వినని న్యాయమూర్తి కాగితం చూసి తీర్పు రాయడం మన దగ్గర సాధారణం. ఆమె గొంతు, ఆమె మాటలోనే రికార్డయి ఉంటే కొత్తగా వచ్చిన న్యాయమూర్తి, ఆ తరువాత హైదరాబాదులో అప్పీలు వినే న్యాయమూర్తులు ఆ ఏడు గంటలు ఎవరివో వినగలరు. ప్రస్తుతానికి వారి ముందుకు వెళ్లే పేపర్‌బుక్‌లో, అంటే కేసు కాగితాల కట్టలో ఉండేది స్టెనో టైపు చేసిన ఇంగ్లిషు పేజీ, దాని కింద ఆమె వేలిముద్ర.